సుదూర విమాన పందెం: సిమ్యులేటరులో నియమాలు, విమాన సన్నాహం

1934 అక్టోబరు 20వ తేదీ తెల్లవారుజామున ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ విమాన కేంద్రం నుండి ఇరవై విమానాలు ఒకదాని వెనుక ఒకటి ఆకాశానికి లేచాయి. వాటి గమ్యం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం. దూరం సుమారు 18,200 కిలోమీటర్లు. మెల్బోర్న్ నగర శతవార్షికోత్సవాల సందర్భంగా సర్ మెక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ అనే మిఠాయి కర్మాగారాల అధిపతి 15,000 పౌన్ల బహుమతులు ప్రకటించి ఈ పందేనికి కారకుడయ్యాడు. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు వైమానికులు "గ్రోవ్‌నర్ హౌస్" అనే ఎర్రని కామెట్ విమానంలో సుమారు 71 గంటలలో, అనగా మూడు రోజులు నిండకముందే, గమ్యం చేరి వేగపు పందెంలో గెలిచారు. చాలా విమానాలు దారిలోనే ఆగిపోయాయి. ఇటలీలో ఒక విమానం కూలి ఇద్దరు మరణించారు.

ఆ దారిలోనే, ఆ విమానంతోనే, నేడు ఎవరైనా తమ ఇంటి గదిలో కూర్చొని పందెం సాగించవచ్చు. అందుకు కావలసినది ఒక కంప్యూటరు, దానిలో విమానయానాన్ని అనుకరించే సిమ్యులేటరు. రైటు సోదరుల తొలి యానానికి నూరేళ్లు నిండిన 2003వ సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన ఫ్లైట్ సిమ్యులేటరులో కొన్ని చారిత్రక విమానాలను చేర్చారు. వాటిలో కామెట్ కూడా ఒకటి.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కూలినా ప్రాణం పోని విమానానికి, అయిపోయినా మీట నొక్కితే తిరిగి నిండే పెట్రోలుకు పందెం ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు పందెపు నియమాలలోనే ఉన్నది. నిజమైన పందెంలో సగం నియమాలను ప్రకృతి తానే అమలు జరుపుతుంది. సిమ్యులేటరులో ఆ సగాన్ని కూడా మనుషులే వ్రాసుకొని, మనుషులే పాటించాలి.

సిమ్యులేటరు చేసే పని

నేలమీదనే విమానయానం నేర్పే యంత్రాలు కొత్తవి కావు. ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్విన్ లింక్ అనే అమెరికను 1929లో ఒక శిక్షణ యంత్రాన్ని నిర్మించాడు. ఆర్గన్‌లో ఉండే గాలితిత్తులే దానిని అటూ ఇటూ వంచేవి. మొదట దానిని వినోదపు వస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైనిక వైమానికులు తపాలా మోయవలసి వచ్చి, మంచులోను మబ్బులలోను దారి కానక పలువురు మరణించిన తరువాత, సైన్యం ఆ యంత్రాలను ఆరింటిని కొన్నది. ఆ విధంగా సుదూర పందెమూ, సిమ్యులేటరుకు వచ్చిన గౌరవమూ ఒకే సంవత్సరానికి చెందినవి.

నేటి సిమ్యులేటరులో తిత్తులు లేవు, లెక్కలున్నాయి. విమానంపై నాలుగు బలాలు పనిచేస్తాయి: క్రిందికి లాగే బరువు, రెక్కలవల్ల పుట్టే పైకెత్తే బలం, ఇంజను ముందుకు నెట్టే బలం, గాలి కలిగించే నిరోధం. ఆ క్షణంలో విమానం వేగమెంత, ఎత్తెంత, గాలి సాంద్రత ఎంత అనే వాటిని బట్టి కంప్యూటరు ఈ బలాలను గణించి, మరుక్షణంలో విమానం ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. సెకనుకు 30 సార్లు ఈ లెక్క జరిగినదనుకుంటే 71 గంటల యానంలో అది 76 లక్షల సార్లకు పైగా జరుగుతుంది.

ఈ లెక్కకు రెండు మార్గాలున్నాయి. ఒక విమానం ఏ స్థితిలో ఎంత బలం పొందుతుందో ముందే పట్టికలుగా వ్రాసి ఉంచి, అవసరమైనప్పుడు చూసుకోవడం ఒక మార్గం. రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కపైనా గాలి కలిగించే బలాన్ని వేరువేరుగా గణించి కూడడం రెండవ మార్గం. మార్గం ఏదైనా, విమానం వివరాలను తప్పుగా ఇస్తే ఫలితమూ తప్పుగానే వస్తుంది. అందువల్లనే పందేనికి నియమాలు అవసరమవుతున్నాయి.

నియమాలు

1934 పందేన్ని రాయల్ ఏరో క్లబ్ నిర్వహించింది. దాని నియమాలు క్లుప్తమైనవి. విమానం పరిమాణానికిగాని, ఇంజను శక్తికిగాని, సిబ్బంది సంఖ్యకుగాని హద్దు లేదు. ఇంగ్లండు విడిచిన తరువాత కొత్త చోదకుణ్ణి ఎక్కించుకోకూడదు. బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విన్, చార్ల్‌విల్ అనే ఐదు చోట్ల తప్పక దిగాలి. ఇవి గాక మరి ఇరవై రెండు చోట్ల పెట్రోలు, నూనె సిద్ధంగా ఉంచారు. ప్రతి మనిషికి మూడు రోజుల ఆహారం, నీటిలో తేలే సాధనాలు, పొగ సంకేతాలు విమానంలో ఉండాలి.

పెట్రోలు అయిపోతే విమానం దిగిపోవాలి అనే నియమాన్ని ఎవరూ వ్రాయలేదు. వ్రాయవలసిన అవసరం లేదు. సిమ్యులేటరు పందెపు నియమావళిలో మాత్రం మొదట వ్రాయవలసినవి ఇటువంటివే.

మొదటిది కాలానికి సంబంధించినది. సిమ్యులేటరులో కాలాన్ని రెండింతలు, నాలుగింతలు వేగంగా నడిపించే వీలున్నది. గాలిలో ఉండగా యానాన్ని ఆపివేసి భోజనం చేసి వచ్చే వీలూ ఉన్నది. పందెంలో ఈ రెండూ నిషిద్ధం. గంట అంటే గంటే కావాలి. దీనికి శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నది. కాలాన్ని వేగిరపరిస్తే ఒక లెక్కకూ మరొక లెక్కకూ మధ్య విమానం ఎక్కువ దూరం దూకుతుంది. లెక్క మొరటుబారి విమానం ఊగిసలాడవచ్చు.

రెండవది ఇంధనం. "తరగని పెట్రోలు" అనే సౌకర్యాన్ని తీసివేయాలి. కూలినా ఏమీ కానట్లు సాగిపోయే సౌకర్యాన్ని కూడా తీసివేయాలి. విమానాన్ని ఒకచోటి నుండి ఎత్తి మరొకచోట పెట్టే మీటను ముట్టరాదు.

మూడవది వాతావరణం. ఎవరికి వారు నిర్మలాకాశాన్ని ఎన్నుకోకుండా, వాతావరణ కేంద్రాలు పంపే నివేదికల ప్రకారం ఆనాటి గాలీ మబ్బూ ఎలా ఉన్నవో అలాగే తీసుకోవాలి. అందరూ ఒకే వేళకు బయలుదేరితేనే అందరికీ ఒకే గాలి దొరుకుతుంది.

నాల్గవది విమానం. చారిత్రక పందెమైతే 1934 అక్టోబరు 20 నాటికి నిజంగా ఎగిరిన నమూనాలనే అనుమతించాలి. అంతేకాదు, సిమ్యులేటరులోని విమానపు వేగమూ, పోగలిగిన దూరమూ చరిత్రలో నమోదైన అంకెలకు దగ్గరగా ఉన్నవో లేవో నిర్వాహకులు ముందుగా ఎగిరి పరీక్షించాలి. వివరాల పట్టికలో ఒక్క అంకె మారిస్తే ముసలి విమానం కూడా గరుడపక్షి అవుతుంది.

ఐదవది సాక్ష్యం. విమానం ఏ వేళకు ఎక్కడ, ఎంత ఎత్తున, ఎంత పెట్రోలుతో ఉన్నదో కంప్యూటరే క్రమంగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. ఈ చిట్టాను పంపనివాని కాలాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

వేగం తక్కువైనా గెలిచే మార్గం

అన్ని విమానాలకూ ఒకే శక్తి లేనప్పుడు పందెం ఎలా సమంజసమవుతుంది? ఇందుకే 1934లో వేగపు పందెంతో పాటు "హ్యాండికాపు" పందెం కూడా పెట్టారు. ప్రతి విమానానికీ దాని శక్తికి తగినట్లు ఒక కాలం నిర్ణయించి, ఆ కాలంతో పోల్చి జయాపజయాలు తేల్చడమే ఈ పద్ధతి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గంటకు 350 కిలోమీటర్లు పోయే విమానానికి 18,200 కిలోమీటర్లకు 52 గంటలు పట్టాలి. గంటకు 200 కిలోమీటర్లు పోయే విమానానికి 91 గంటలు పట్టాలి. మొదటిది 55 గంటలలోను, రెండవది 92 గంటలలోను వచ్చాయనుకుందాం. మొదటిది మూడు గంటలు ఆలస్యం, రెండవది ఒక్క గంటే ఆలస్యం. కావున రెండవదే గెలిచినట్లు. ఇక్కడ గెలిపించేది ఇంజను కాదు, చోదకుని నేర్పు. సిమ్యులేటరు పందేలకు ఈ పద్ధతి ఎంతో అనుకూలమైనది.

పెట్రోలు లెక్క

విమానాన్ని సిద్ధపరచడంలో మొదటి పని పెట్రోలు లెక్క. కామెట్‌ను ఈ పందెం కోసమే డి హావిలాండ్ సంస్థ నిర్మించింది. పందెపు నాటికి తయారైనవి మూడే. మొదటిది గాలిలోకి లేచినది 1934 సెప్టెంబరు 8న, అనగా పందేనికి ఆరు వారాల ముందు మాత్రమే. దాని పెట్రోలు తొట్లు సుమారు 1,170 లీటర్లు పట్టేవి. గంటకు సుమారు 354 కిలోమీటర్ల వేగంతో గాలి నిశ్చలంగా ఉంటే 4,700 కిలోమీటర్లు పోగలదు. అంటే 13 గంటల 17 నిమిషాలు ఎగరగలదు. గంటకు 88 లీటర్లు ఖర్చు.

మిల్డెన్‌హాల్ నుండి బాగ్దాదుకు సుమారు 4,070 కిలోమీటర్లు. నిశ్చలమైన గాలిలో పదకొండున్నర గంటలు చాలు. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే నేలను బట్టి చూసిన వేగం 314కు తగ్గుతుంది. ప్రయాణం 13 గంటలవుతుంది. మిగిలేది పావుగంట పెట్రోలు మాత్రమే! దారిలో ఒక ఉరుముల మబ్బును చుట్టి రావలసి వస్తే అదీ మిగలదు. 1934లో ఇదే జరిగింది. స్కాట్, బ్లాక్‌లు బాగ్దాదుకు ముందే కిర్కుక్‌లో దిగి పెట్రోలు నింపుకొనవలసి వచ్చింది. వారికంటె ముందు ఆగకుండా బాగ్దాదు చేరిన కామెట్ మరొకటి. దానిని నడిపినవారు ఏమీ జాన్సన్, ఆమె భర్త జిమ్ మాలిసన్.

ఈ లెక్క సిమ్యులేటరుకూ యథాతథంగా వర్తిస్తుంది. బయలుదేరే ముందు ఆనాటి గాలిని చూసి, పట్టే కాలాన్ని గణించి, ముప్పావు గంటకు సరిపడే పెట్రోలును, అనగా కామెట్‌కు 66 లీటర్లను, అదనంగా ఉంచుకోవాలి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. పెట్రోలు మాత్రం మునుపటంతే వస్తే మిశ్రమం చిక్కనై ఇంధనం వృథా అవుతుంది. దానిని పలచన చేసే మీటను మరచినవాడు తన లెక్క ఎందుకు తప్పినదో తెలియక మధ్యదారిలో దిగవలసి వస్తుంది.

బరువు, నేలపరుగు

ఎదురుగాలికి భయపడి ప్రతిసారీ తొట్లు పూర్తిగా నింపడం మంచిదేనా? అదీ కాదు. ఉత్త కామెట్ బరువు సుమారు 1,330 కిలోగ్రాములు. నిండు బరువు సుమారు 2,517 కిలోగ్రాములు. నిండుగా ఉన్నప్పుడు దాని బరువులో మూడింట ఒక వంతు, సుమారు 845 కిలోగ్రాములు, పెట్రోలే.

రెక్కలు పైకెత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు ఒకటిన్నర రెట్లయితే నేల విడవడానికి కావలసిన వేగం సుమారు 22 శాతం పెరుగుతుంది. ఆ వేగం అందుకోవడానికి పరుగెత్తవలసిన దూరం మాత్రం రెట్టింపును మించుతుంది. దీనికి ఎండ తోడైతే కష్టం మరింత. 15 డిగ్రీల చల్లదనంలో కంటె 35 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత ఆరేడు శాతం తక్కువ. రెక్కకూ, ఇంజనుకూ, ప్రొపెల్లరుకూ మూడింటికీ అది నష్టమే. మిల్డెన్‌హాల్ ఉదయాన తేలికగా లేచిన విమానం, అలహాబాదు మధ్యాహ్నాన నేలను పట్టుకొని వ్రేలాడవచ్చు. కావున ప్రతి మజిలీకీ అవసరమైనంత పెట్రోలే నింపాలి.

మరొక ముఖ్య విషయం. 1934 విమానాలు మోసిన మూడు రోజుల ఆహారానికీ, తేలే సాధనాలకూ బరువున్నది. సిమ్యులేటరులో ఆహారం తినేవాడు లేడు, నీట పడేవాడు లేడు. అయినా ఆ బరువును, ఇద్దరు మనుషుల బరువుతో సహా, సరుకు పట్టికలో చూపి తీరాలని నియమం ఉండాలి. లేకపోతే పందెం 1934 నాటిది కాదు.

సైకిలు పంపు

కామెట్ ప్రొపెల్లరులో ఒక వింత ఉన్నది. ప్రొపెల్లరు ఆకులు గాలిని కోసే వాలు నేలపరుగులో తక్కువగాను, సుదూర యానంలో ఎక్కువగాను ఉండాలి. సైకిలుకు పళ్లచక్రం ఎంతో విమానానికి ఇది అంత. కామెట్‌లో ఈ మార్పు గాలి ఒత్తిడితో జరిగేది. బయలుదేరే ముందు సైకిలు పంపుతో గాలి కొట్టి ఆకులను తక్కువ వాలులో నిలిపేవారు. వేగం గంటకు సుమారు 240 కిలోమీటర్లు చేరగానే, ముందుభాగాన ఉన్న బిళ్లను ఎదురుగాలి నొక్కి, లోపలి గాలిని వదిలివేసేది. ఆకులు ఎక్కువ వాలుకు మారేవి. మళ్లీ నేలకు దిగి పంపు కొట్టేవరకు ఆ మార్పును త్రిప్పడానికి వీలులేదు. అందుచేత దిగబోయి, వీలుగాక మళ్లీ పైకి లేవడం కామెట్‌కు ప్రమాదకరం. సిమ్యులేటరు నమూనాలో ఎప్పుడైనా వాలు మార్చుకొనే మీట ఉంటే, గాలిలో దానిని ముట్టరాదని నియమం చేర్చాలి.

దారి, వాన, చీకటి

1934 వైమానికులకు ఉపగ్రహాల సాయం లేదు. దిక్సూచి, గడియారం, పటం, ఇవే ఆధారం. కావున పందెంలో విమానాన్ని పటంమీద కదిలే చుక్కగా చూపే సాధనాలను మూసివేయాలి. అప్పుడు కోణాల విలువ తెలిసివస్తుంది. బాగ్దాదు నుండి అలహాబాదు 3,700 కిలోమీటర్లు. దిక్కులో రెండు డిగ్రీల పొరపాటు సరిదిద్దుకోకపోతే చివరకు 130 కిలోమీటర్లు ప్రక్కకు పోతాము. గంటకు 350 కిలోమీటర్ల వేగంతో పోయే విమానాన్ని 30 కిలోమీటర్ల అడ్డగాలి ఐదు డిగ్రీలు ప్రక్కకు నెడుతుంది. నదులు, తీరాలు, రైలు మార్గాలు కనబడినప్పుడల్లా పటంతో సరిచూసుకోవడమే ఉపాయం.

వాతావరణం ఎంతటి పరీక్ష పెట్టగలదో పందెంలో రెండవ స్థానం పొందిన విమానం కథ చెబుతుంది. అది హాలండు దేశపు కె.ఎల్.ఎమ్. సంస్థకు చెందిన డి.సి.-2 ప్రయాణిక విమానం. పేరు "యూవర్", అనగా కొంగ. ముగ్గురు ప్రయాణికులతోను, తపాలాతోను ఎగిరి సుమారు 90 గంటలలో చేరి, హ్యాండికాపు బహుమతి గెలిచింది. చివరి రాత్రి ఉరుముల గాలిలో అది దారి తప్పి ఆల్బరీ అనే పట్టణంపై తిరుగాడింది. పట్టణపు విద్యుచ్ఛక్తి ఇంజనీరు ఊరి దీపాలన్నింటినీ ఆర్పి వెలిగిస్తూ ఊరి పేరును మోర్సు సంకేతాలలో ఆకాశానికి చెప్పాడు. రేడియో ప్రకటన విని జనం తమ మోటారు కార్లతో గుఱ్ఱపుపందేల మైదానానికి వచ్చి దీపాలు వెలిగించారు. విమానం క్షేమంగా దిగింది. మరునాడు ఊరివారే త్రాళ్లతో దానిని బురదలోనుండి లాగి సాగనంపారు. అదే విమానం రెండు నెలలకు, డిసెంబరు 1934లో, ఎడారిలో కూలిపోగా అందులోని ఏడుగురూ మరణించారు.

యంత్రం చూపలేనిది

ఎంత మంచి నియమావళి వ్రాసినా సిమ్యులేటరుకు అందని విషయాలు కొన్ని మిగులుతాయి. బాగ్దాదులో అందరికంటె ముందున్న మాలిసన్ దంపతులు కరాచీ దాటిన తరువాత దారి తప్పి జబల్పూరులో దిగారు. అక్కడ విమానపు పెట్రోలు లేదు. బస్సులకు వాడే పెట్రోలు పోయించుకొని బయలుదేరారు. అటువంటి ఇంధనం, అధిక పీడనంలో పనిచేసే ఇంజనులో సకాలానికి ముందే ప్రేలి ముషలకాలను దెబ్బతీస్తుంది. అలహాబాదు చేరేసరికి ఇంజనులు చెడిపోయాయి. వారి పందెం అక్కడితో ముగిసింది. సాధారణమైన సిమ్యులేటరులో పెట్రోలుకు పరిమాణమే కాని గుణం లేదు. ఈ అనుభవం అక్కడ దొరకదు.

అలసట కూడా అటువంటిదే. స్కాట్, బ్లాక్‌లు టిమోరు సముద్రంపై ఒక ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోగా, రెండు రాత్రులు సరిగా నిద్రలేని స్థితిలో మిగిలిన ఇంజనుపై ఆధారపడి డార్విన్ చేరారు. ఇంట్లో పందెం సాగించేవారికి అటువంటి జాగరణ విధించడం ఆరోగ్యానికి మంచిది కాదు. అందుచేత మజిలీల వారీగా ఎగిరి, ఎగిరిన గంటలనే కూడడం న్యాయమైన పద్ధతి. ఇది నిజమైన పందెం కంటె సులభమని ఒప్పుకోవడంలో తప్పు లేదు. గ్రోవ్‌నర్ హౌస్ విమానం నేటికీ ఇంగ్లండులోని షటిల్‌వర్త్ సంగ్రహాలయంలో ఉన్నది. దాని ఇరుకైన గదిలో ఒకరి వెనుక ఒకరుగా ఉన్న ఆ రెండు ఆసనాలను చూస్తే 71 గంటల అర్థం తెలుస్తుంది.

అయినా సిమ్యులేటరు పందెం ఇచ్చే విద్య చిన్నది కాదు. ప్రారంభించేవారు మొత్తం దారిని తలకెత్తుకోనక్కరలేదు. చివరి మజిలీ చార్ల్‌విల్ నుండి మెల్బోర్నుకు 1,270 కిలోమీటర్లు మాత్రమే. కామెట్‌కు నాలుగు గంటల లోపు పని. ముందుగా పట్టే కాలాన్నీ, ఖర్చయ్యే పెట్రోలునూ కాగితంమీద గణించి, ఆ తరువాత ఎగరాలి. దిగిన పిమ్మట తొట్టిలో మిగిలిన పెట్రోలును కాగితంతో పోల్చుకోవాలి. రెండూ సరిపోవడం అరుదు. గాలిని తప్పుగా అంచనా వేశామా, మిశ్రమాన్ని మరిచామా, దిక్కు తప్పి చుట్టూ తిరిగామా అని వెతికి, తేడాకు కారణం కనిపెట్టినవాడు తరువాతి మజిలీకి సిద్ధమైనట్లే. ఎవరూ చూడని గదిలో, మీట నొక్కితే తొట్టి నిండే వీలుండగా, దానిని నొక్కకుండా ఎడారిలో దిగి ఓటమిని చిట్టాలో వ్రాసుకొన్నవాడు పందెపు నియమాలన్నింటినీ నేర్చుకొన్నట్లే.